టీచర్లకు సమ్మె హక్కు ఉండాలా? సమ్మె టెంటులో కూర్చున్నవాడి జవాబు

అమ్మా, మీ అమ్మాయి జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి చదువుతోందనీ, టీచర్లు సమ్మె నోటీసు ఇస్తారని విన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉందనీ రాశారు. "ప్రభుత్వ టీచర్లకు సమ్మె చేసే హక్కు ఉందా? లేకపోతే మరి ఎలా చేస్తున్నారు? అసలు ఉండాలా?" అని మూడు ప్రశ్నలు అడిగారు. మూడోది తేలాలంటే మొదటి రెండూ ముందు చెప్పుకోవాలి.

నేనెవరో కూడా ముందే చెప్పడం న్యాయం. 1990లో సర్వీసులో చేరాను, లెక్కల మాస్టారిని. చివరి ఆరేళ్లు హెడ్మాస్టర్‌గా చేసి 2023లో రిటైరయ్యాను. యూనియన్‌లో మండల స్థాయిలో చాలాకాలం తిరిగాను. 2013లో టెంటు కింద కూర్చున్నాను, 2022లో సమ్మె నోటీసు ఇచ్చినవాళ్లలో ఒకడిని. కాబట్టి ఇది జడ్జి చెప్పే తీర్పు కాదు, కేసులో ఒక పార్టీ చెప్పే మాట. ఆ తేడా గుర్తుపెట్టుకుని చదవండి.

హక్కు ఉందా అంటే, లేదు. అందులో గందరగోళం ఏమీ లేదు. సంఘం పెట్టుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కే. కానీ సంఘం పెట్టుకున్నంత మాత్రాన సమ్మె చేయడం ప్రాథమిక హక్కు అయిపోదని సుప్రీంకోర్టు 1961లోనే బ్యాంకు ఉద్యోగుల కేసులో చెప్పింది. ఫ్యాక్టరీ కార్మికుడికి పారిశ్రామిక వివాదాల చట్టం కింద ఒక దారి ఉండేది: నోటీసు ఇచ్చి, గడువు దాకా ఆగి, సమ్మెకు దిగొచ్చు. టీచర్లు ఆ చట్టం చెప్పే 'వర్క్‌మన్' నిర్వచనంలోకి రారని 1988లో గోవా టీచర్ కేసులో తేలిపోయింది. ఇక మా ఉద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉంది. సమ్మెలో పాల్గొనకూడదని అందులో రాసే ఉంది. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ మేమంతా దానికి కట్టుబడి ఉన్నవాళ్లమే. చదివినవాళ్లు ఎంతమంది అంటే, అది వేరే సంగతి.

2003లో తమిళనాడులో జరిగినదాంతో ఇది మరీ గట్టిపడింది. పెన్షన్ ప్రయోజనాలకు కోత పెట్టారని జూలైలో ఉద్యోగులు, టీచర్లు సమ్మెకు దిగారు. జయలలిత ప్రభుత్వం ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం) తెచ్చి సుమారు 1 లక్షా 70 వేల మందిని ఉద్యోగాల నుంచి తీసేసింది. విచారణ లేదు, సంజాయిషీ అడగడం లేదు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆగస్టు 6న తీర్పు వచ్చింది: ప్రభుత్వ ఉద్యోగులకు సమ్మె చేయడం ప్రాథమిక హక్కూ కాదు, చట్టం ఇచ్చిన హక్కూ కాదు, నైతికంగా కూడా హక్కు కాదు. అదే కేసులో, బేషరతుగా క్షమాపణ రాసిచ్చి మళ్లీ సమ్మె చేయమని హామీ ఇచ్చినవాళ్లలో ఎక్కువమందిని తిరిగి తీసుకునేలా ప్రభుత్వాన్ని ఒప్పించింది కూడా కోర్టే. మర్నాడు మా స్టాఫ్ రూములో పేపరు చేతులు మారడం నాకింకా గుర్తుంది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. మా హిందీ మేడం మాత్రం "నైతికంగా కూడానా?" అని ఒక్కసారి అడిగి, పేపరు మడిచి పక్కన పెట్టేసింది.

మరి హక్కు లేనప్పుడు సమ్మెలు ఎలా జరుగుతున్నాయి? మన దగ్గర సమ్మె నడిచేది చట్టం మీద కాదు, బలం మీద. ముగిసేది చట్టంతో కాదు, దయతో. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

తెలంగాణ ఆర్టీసీ సమ్మె చూడండి. 2019 అక్టోబరు 5న మొదలైంది. దాదాపు 48 వేల మంది. గడువులోగా డ్యూటీకి రానివాళ్లు తమను తామే తీసేసుకున్నట్టు లెక్క అని ముఖ్యమంత్రి ప్రకటించారు. 'సెల్ఫ్ డిస్మిస్' అనే మాట అప్పుడే ఊరూరా పాకింది. సెప్టెంబరు జీతాలు ఆగిపోయాయి. బస్సుల్లేక బళ్లకు దసరా సెలవులు పొడిగించారు. కార్మికుల ప్రాణాలు పోయాయి. 52 రోజులయ్యాక నవంబరు 25న సమ్మె విరమించారు, డిమాండ్లలో ఒక్కటీ నెరవేరకుండానే. మరో వారానికి ఏమైంది? అదే ముఖ్యమంత్రి కార్మికులను పిలిచి భోజనం పెట్టి, సమ్మె చేసిన 52 రోజులకూ జీతం ఇస్తామన్నారు, రిటైర్మెంట్ వయసు 60కి పెంచుతామన్నారు. యూనియన్లను మాత్రం పక్కన పెట్టేశారు. ఉద్యోగమే లేదన్న మనిషికి పని చేయని రోజుల జీతం ఏ రూలు కింద వచ్చింది? ఏ రూలూ లేదమ్మా. రూలు ఉంటే తీసేయడమూ కుదరదు, అలా ఇవ్వడమూ కుదరదు.

ఆంధ్రలో అంగన్‌వాడీల సంగతి. 2023 డిసెంబరు 12న దిగారు. కార్యకర్తకు నెలకు 11,500, ఆయాకు 7,000. దాన్ని జీతం అని కూడా అనరు, గౌరవ వేతనం అంటారు. గ్రాట్యుటీ వాళ్లకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022లోనే గుజరాత్ కేసులో చెప్పినా, అదే అడగడానికి రోడ్డెక్కాల్సి వచ్చింది. జనవరి 6న ఎస్మా. ఆరు నెలలు సమ్మె చేయడానికి వీల్లేదన్నారు. గమనించండి, ఉద్యోగులుగా గుర్తించమని అడిగినప్పుడు వాళ్లు స్వచ్ఛంద సేవకులు, సమ్మె చేసినప్పుడు అత్యవసర సేవల సిబ్బంది! చివరికి రానివాళ్లను తీసేయమని కలెక్టర్లకు ఆదేశాలు వెళ్లాయి. జనవరి 22 రాత్రి చర్చల్లో సమ్మె ముగిసింది. 42 రోజులు.

మరి మేం? పర్మినెంటు టీచర్లం. మాకు యూనియన్లున్నాయి, శాసనమండలిలో టీచర్లు ఎన్నుకునే ఎమ్మెల్సీలున్నారు, ఎన్నికల బూత్‌లో పోలింగ్ ఆఫీసర్లుగా కూర్చునేదీ మేమే. మమ్మల్ని తీసేయడం ఏ ప్రభుత్వానికీ తేలిక కాదు. పెద్ద సమ్మె ఏదైనా సరే, డిమాండ్ల పత్రం అడుగున ఒక డిమాండు తప్పకుండా ఉంటుంది: 'సమ్మె కాలాన్ని ఆన్ డ్యూటీగా పరిగణించాలి.' బయటివాళ్లు అది చదవరు. చర్చల్లో ఆఖరి గంటంతా దాని మీదే నడుస్తుంది. ఏదో ఒక సెలవు కింద సర్దుబాటు చేయించుకుని బయటకు వస్తాం. అదే పని చేస్తే ఆయమ్మకు తొలగింపు నోటీసు. నోరున్నవాడిదే రాజ్యం అంటే ఇదే. సమ్మె హక్కు లేకపోవడం వల్ల నష్టపోయేది నాలాంటివాడు కాదు.

ఇప్పుడు మీకు కావాల్సిన అసలు సంగతికి వస్తాను. పిల్లల సంగతి.

2013 ఆగస్టులో సమైక్యాంధ్ర కోసం ఎన్జీఓలు (నాన్ గెజిటెడ్ ప్రభుత్వ ఉద్యోగులు) సమ్మె మొదలుపెట్టారు, 66 రోజులు నడిచింది. మేం టీచర్లం కొద్ది రోజులు ఆలస్యంగా దిగాం. తహసీల్దార్ ఆఫీసు ఎదురుగా టెంటు. రోజుకో డిపార్ట్‌మెంటు రిలే దీక్ష. వంటావార్పు, మానవహారం, మోకాళ్ల మీద నడక, ఎవరికి తోచింది వాళ్లు. మాకు తోచింది ఏమిటంటే, రోడ్డు మీద పాఠం చెప్పడం. బడి నుంచి బోర్డు మోసుకొచ్చి మెయిన్ రోడ్డు మధ్యలో స్టాండు మీద పెట్టాం. పాతికమంది పిల్లలను టార్పాలిన్ మీద కూర్చోబెట్టాం. నేను వర్గ సమీకరణాలు మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే చెబుతూ చెబుతూ నేనే మునిగిపోయాను, సుద్దముక్క పట్టుకుని చాలా రోజులైంది మరి. విలేకరి ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు. మావాళ్లు "చాల్లే మాస్టారూ" అని బోర్డు దించి ఆటోలో వేశారు. లెక్క సగంలో ఉంది. ముందు వరసలో ఉన్న పిల్ల నోటుబుక్కు మూయకుండా "సార్, ఇది రేపు కూడా ఉంటదా?" అని అడిగింది.

నేనేం చెప్పానో గుర్తులేదు. చూద్దాంలే అనో ఏదో అని ఉంటాను.

అప్పుడు మా అమ్మాయి విజయవాడలో ఒక కార్పొరేట్ కాలేజీలో ఇంటర్ చదువుతోంది. ముందు గేటుకు తాళం, వెనక గేటు నుంచి క్లాసులు. ఒక్క వీక్లీ టెస్టు కూడా ఆగలేదు. నేను ఫీజు కట్టి మా పిల్లకు పాఠం ఆగకుండా చూసుకుని, పొలం కూలీల పిల్లలకు పాఠం ఆపి, అందరి భవిష్యత్తు కోసం అని మైకులో మాట్లాడాను. మా స్టాఫ్‌లో ఇలాంటి తండ్రులం చాలామందిమి ఉన్నాం. ఈ మాట రాసినందుకు మావాళ్లు కొందరు నన్ను తిడతారు, తిట్టనీయండి.

ఫ్యాక్టరీలో సమ్మెకూ బడిలో సమ్మెకూ తేడా ఇక్కడే ఉంది. మిల్లు ఆగితే యజమానికి రోజూ నష్టం, అందుకే దిగొస్తాడు. బడి ఆగితే ప్రభుత్వానికి పైసా నష్టం లేదు. ఇంకా చెప్పాలంటే జీతాలు మిగులుతాయి, గుడ్డూ బియ్యం ఖర్చు కూడా మిగులుతుంది. నొప్పి ఒకరికి, బేరం ఇంకొకరితో. ఆ నొప్పి పడేవాళ్లేమో ట్యూషన్ పెట్టించుకోలేనివాళ్లు. టీచర్ల సమ్మె మీద మీకున్న కోపంలో న్యాయం ఉంది అంటున్నది అందుకే.

సమ్మె తర్వాత పోయిన రోజులు పూడుస్తామని చెబుతారు కదా, అది ఎలా జరిగిందో కూడా చూడండి. ఆదివారాలు, రెండో శనివారాలు బడి పెట్టాం. మొదటి ఆదివారం మా తొమ్మిదో తరగతిలో 38 మందికి 11 మంది వచ్చారు. పత్తి తీతలు మొదలయ్యాయి, ఆదివారం కూలికి వెళ్లే పిల్లలు కూలికే వెళ్లారు. రెండో ఆదివారం వంట చేసే ఆవిడ రాలేదు, ఆమెకు ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం అన్నం లేదనగానే వచ్చినవాళ్లు కూడా ఇళ్లకు వెళ్లిపోయారు. రిజిస్టరులో మాత్రం ఆ రోజు పూర్తి పనిదినం. ఏడాది చివర లెక్క చూసుకుంటే 220 పనిదినాలూ కాగితం మీద చక్కగా పూడాయి.

ఇంత చెప్పాక, "అయితే సమ్మెను గట్టిగా నిషేధించాల్సిందే" అని నేను అంటానని మీరు అనుకోవచ్చు. అనను. ఎందుకో చెప్పడానికి 2022 చెప్పుకోవాలి.

ఆ జనవరి 17న ఆంధ్రలో పదకొండో పీఆర్సీ (వేతన సవరణ సంఘం) జీవోలు వచ్చాయి. 2019 జూలై నుంచి మధ్యంతర భృతి 27 శాతం తీసుకుంటున్నాం. ఫిట్‌మెంట్ (మూల వేతనం మీద పెంపు) 23 శాతం అన్నారు. పల్లెల్లో పనిచేసేవాళ్ల ఇంటి అద్దె భత్యం (హెచ్ఆర్ఏ) 12 నుంచి 8 శాతానికి పడిపోయింది. పీఆర్సీ అంటే జీతం పెరగాలి కదా, ఇదేమిటని దానికి 'రివర్స్ పీఆర్సీ' అని పేరు పడింది. ఆగిపోయిన కరువు భత్యాలన్నీ (డీఏలు) కలిపి ఇచ్చాం, చేతికొచ్చే మొత్తం తగ్గలేదు కదా అని ప్రభుత్వం అంది. ఆ డీఏలు ఎప్పుడో రావాల్సినవి, మా సొమ్మే మాకిచ్చి పెంపు అంటారేమిటని మేమన్నాం. (అదే పీఆర్సీతో రిటైర్మెంట్ వయసు 60 నుంచి 62 అయింది. దాని లాభం నేనూ పొందాను. దాచడం ఎందుకు.)

ఫిబ్రవరి 3న చలో విజయవాడ. 2వ తేదీ రాత్రి పదిన్నరకు మా గేటు చప్పుడైంది. తీస్తే కానిస్టేబుల్. నా స్టూడెంటే, 2004 బ్యాచో 2005 బ్యాచో. చేతిలో నోటీసు. "సార్, రేపు ఎటూ వెళ్లొద్దంట సార్. సంతకం పెట్టండి." పెట్టాను. మంచినీళ్లు ఇచ్చాను. తాగి, అటూ ఇటూ చూసి, "సార్, హెచ్ఆర్ఏ మాకు కూడా కోసేశారు. మీరన్నా అడుగుతున్నారు" అని మెల్లగా అన్నాడు. పోలీసులు సమ్మె చేయడం సంగతి అటుంచండి, అనుమతి లేకుండా యూనియన్ కూడా పెట్టుకోకూడదని 1966లోనే చట్టం చేశారు. మర్నాడు నేను ఇంట్లోనే ఉన్నాను. వెళ్లగలిగినవాళ్లు రైళ్లలో, బైకుల మీద వెళ్లారు. విజయవాడ బీఆర్టీఎస్ రోడ్డు నిండిపోయింది. 6వ తేదీ అర్ధరాత్రి నుంచి సమ్మె అని నోటీసు ఉంది. 5వ తేదీ రాత్రికల్లా మంత్రుల కమిటీ ఒప్పందానికి వచ్చింది. ఫిట్‌మెంట్ 23 శాతం దగ్గరే ఆగింది, పల్లెల హెచ్ఆర్ఏ 8 నుంచి 10 అయింది, మధ్యంతర భృతి రికవరీ ఉండదన్నారు. టీచర్ల సంఘాలు ఆ ఒప్పందం ఒప్పుకోలేదు, మమ్మల్ని అమ్మేశారని బయటకొచ్చాయి. అది మా ఇంటి గొడవ, ఇక్కడ వద్దు.

నేను చూపించాలనుకున్నది ఒక్కటే. ఒక్క బడి కూడా సమ్మె కోసం మూతపడకుండానే, సమ్మె చేస్తారన్న భయంతోనే ఆ కాస్తయినా కదిలింది. వినతిపత్రాలు ఏళ్ల తరబడి ఇచ్చాం. నల్లబ్యాడ్జీలు పెట్టుకున్నాం. భోజన విరామంలో గేటు దగ్గర నిలబడి నినాదాలు చేశాం. వీటిని ఎవరూ పట్టించుకోలేదని కాదు, ఎవరూ పట్టించుకోవాల్సిన అవసరం రాలేదు. సమ్మె అనే మాట వెనకాల లేకపోతే వినతిపత్రం వట్టి కాగితమే. ఆ కానిస్టేబుల్ చెప్పిందీ అదే.

సరే, సమ్మె వద్దు, బదులుగా ఇంకేదైనా ఇవ్వండి అనొచ్చు కదా? అనొచ్చు. నిషేధించే హక్కు ప్రభుత్వానికి ఉందని ఒప్పుకుంటే, ఖాళీ అయిన ఆ చోట ఏదో ఒకటి పెట్టాల్సిన బాధ్యత కూడా ప్రభుత్వానిదే. జర్మనీలో శాశ్వత సివిల్ సర్వెంట్లుగా ఉన్న టీచర్లు సమ్మె చేయకూడదు. యూరప్ మానవహక్కుల కోర్టు కూడా 2023 డిసెంబరులో ఆ నిషేధాన్ని సమర్థించింది. అయితే అక్కడ వాళ్లకు హోదాకు తగ్గ జీతం ఇవ్వడం రాజ్యాంగ బాధ్యత. ఇవ్వకపోతే కోర్టుకు వెళ్లి గెలవొచ్చు. మన కేంద్ర ఉద్యోగులకు 1966 నుంచి జేసీఎం అనే సంప్రదింపుల వ్యవస్థ ఉంది. జీతభత్యాలు, పనిగంటలు, సెలవుల మీద మాట కుదరకపోతే మధ్యవర్తి దగ్గరకు వెళ్లే దారి అందులో ఉంది. మన రాష్ట్రంలో? జాయింట్ స్టాఫ్ కౌన్సిల్ అని ఉంది. టీ ఇస్తారు, మినిట్స్ రాస్తారు, తర్వాతి మీటింగులో అవే మినిట్స్ మళ్లీ చదువుతారు. పీఆర్సీ కమిషనర్ సిఫార్సు ఏదైనా చివరికి అంకె వేసేది ముఖ్యమంత్రే. తెలంగాణలో బిస్వాల్ కమిషన్ 7.5 శాతం అంటే 2021లో 30 శాతం ఇచ్చారు. ఆంధ్రలో అశుతోష్ మిశ్రా కమిషన్ 27 అంటే 23 ఇచ్చారు. పెరిగిందా తగ్గిందా అన్నది కాదు నా పాయింటు. రెండు చోట్లా కమిషన్ లెక్కకు విలువ లేదు. లెక్కకు విలువ లేనిచోట మనిషి రోడ్డెక్కుతాడు.

"లక్ష రూపాయల జీతం తీసుకుంటూ రోడ్డెక్కుతారా? పక్క ప్రైవేటు స్కూల్లో పన్నెండు వేలకు పనిచేస్తున్నారు" అన్న మాట మీ ఉత్తరంలోనూ ఉంది, మా బంధువుల ఇళ్లలోనూ వింటాను. పన్నెండు వేలు తప్పు. లక్షను కోసి ఆ తప్పును సరిచేయలేం. అయితే ఒకటి ఒప్పుకుంటాను. మేం టీచర్లం మా పీఆర్సీ కోసం కదిలినంత వేగంగా, మా బళ్లోనే పనిచేసే కాంట్రాక్టు వాళ్ల కోసం, కేజీబీవీ (ఆడపిల్లల ప్రభుత్వ హాస్టలు బడి) టీచర్ల కోసం, వంట చేసే ఆవిడ బిల్లుల కోసం ఎన్నడూ కదల్లేదు. 2024 డిసెంబరులో తెలంగాణలో సమగ్ర శిక్షా పథకం కింద కాంట్రాక్టు మీద పనిచేసే ఉద్యోగులు సమ్మెలో కూర్చుంటే, కేజీబీవీల్లో పాఠాలు ఆగకూడదని రెగ్యులర్ టీచర్లను పంపిన చోట్లున్నాయి. వెళ్లినవాళ్లను నేను తప్పుపట్టను, అక్కడున్నది ఆడపిల్లల హాస్టలు. కానీ ఆ టీచర్లే రేపు తాము సమ్మె చేసినప్పుడు వాళ్ల మద్దతు అడుగుతారు.

కాబట్టి నా జవాబు: హక్కు ఉండాలి, షరతులతో. షరతులు చట్టంలో రాసి ఉండాలి. ఎంత ఖర్చవుతుందో సమ్మె చేసేవాడికి ముందే తెలియాలి, ఏది చేయకూడదో ప్రభుత్వానికీ ముందే తెలియాలి.

ఏం షరతులు? నోటీసు గడువు పద్నాలుగు రోజులు ఉండాలి. ఫ్యాక్టరీలకు కొత్త లేబర్ కోడ్ పెట్టిన గడువు కూడా అంతే. మూకుమ్మడిగా సీఎల్ (క్యాజువల్ లీవ్) పెట్టే దొంగదారిని ఆ కోడ్ మూసేసింది, సగం మంది ఒకేరోజు పెడితే అదీ సమ్మే. మాకూ అలాగే పెట్టండి, అభ్యంతరం లేదు. ఫ్రాన్స్‌లో ప్రాథమిక బడి టీచర్ సమ్మెలో ఉంటానని 48 గంటల ముందు తెలియజేయాలి. సమ్మెలో ఉన్నవాళ్లు పాతిక శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే ఆ రోజు పిల్లలను చూసుకునే ఏర్పాటు స్థానిక మున్సిపాలిటీ చేయాలి. 2008 నుంచి అక్కడ అదే చట్టం. మన దగ్గర పాఠం ఆగినా అన్నం ఆగకూడదు. వంట చేసే ఆవిడ సమ్మెలో లేనప్పుడు గేటుకు తాళం వేసే అధికారం మాకెవరిచ్చారు? 2013లో ఆ తాళం వేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

పదో తరగతి వాళ్లకు ఫిబ్రవరి, మార్చిల్లో సమ్మె వద్దు. స్పాట్ వాల్యుయేషన్ (పరీక్ష పేపర్లు దిద్దే పని) బహిష్కరిస్తామన్న బెదిరింపూ వద్దు, అది పిల్లల మెడ మీద కత్తి. రాజకీయ డిమాండ్ల కోసం, అవి ఎంత గొప్పవైనా సరే, బడి మూయకూడదు. 2013 గురించి నాకు ఇప్పుడున్న అభిప్రాయం ఇది. అప్పుడు ఎవరైనా ఈ మాటంటే ద్రోహి అనేవాడిని. తెలంగాణలో సకల జనుల సమ్మె చేసిన మిత్రులు ఈ విషయంలో నాతో గట్టిగా విభేదిస్తారు. వాళ్లకు రాష్ట్రం వచ్చింది మరి, వాళ్ల వాదన వాళ్లది.

జీతం కోత దగ్గర నాది కొంచెం వేరే లెక్క. పని లేదు, జీతం లేదు అన్నది అందరూ చెప్పే సూత్రం. సమ్మె చట్టబద్ధమూ న్యాయమూ అయితేనే ఆ రోజులకు జీతం అడగాలని సుప్రీంకోర్టు 1994లో సిండికేట్ బ్యాంకు కేసులో చెప్పింది. కానీ బడి విషయంలో నా జీతం కోస్తే ఆ డబ్బు ట్రెజరీలో మిగులుతుంది, మీ అమ్మాయికి వర్గ సమీకరణాలు రావు. జీతమూ కోసి, ఆదివారం వచ్చి పాఠమూ చెప్పమంటే ఎవరూ మనసుపెట్టి చెప్పరు, ఉద్యోగులు నాకు కొత్త కాదు కాబట్టి చెబుతున్నాను. అందుకని పాఠం తిరిగి చెప్పిన రోజుకే జీతం తిరిగి రావాలి, చెప్పని రోజుకు రాకూడదు. ఆన్ డ్యూటీ అని చర్చల్లో రాయించుకుంటే సరిపోకూడదు. ఆ రోజు పాఠం జరిగిందని సంతకం పెట్టేది హెడ్మాస్టర్ కాకూడదు. ఆ సంతకాలు పెట్టిన హెడ్మాస్టర్లను దగ్గరుండి చూశాను, తర్వాత ఆ కుర్చీలో నేనూ కూర్చున్నాను. తల్లిదండ్రుల కమిటీ పెట్టాలి.

దీనికి బదులుగా ప్రభుత్వం ఇవ్వాల్సింది: షరతులు పాటించిన సమ్మెకు తొలగింపు ఉండకూడదు, సర్వీసులో బ్రేకు ఉండకూడదు, అర్ధరాత్రి గేటు కొట్టకూడదు. ఇదే రక్షణ అంగన్‌వాడీ ఆయాకు కూడా, మాటకు మాట అలాగే. ఆమెను వదిలేసి నాకు మాత్రమే ఇచ్చే హక్కయితే నాకొద్దు.

ఇదంతా ఎప్పటికి జరుగుతుందో గానీ, మీ బడిలో సమ్మె మాట ఇప్పుడుంది. కాబట్టి మీరు చేయగలిగింది చెబుతాను. వచ్చే కమిటీ మీటింగుకు తప్పకుండా వెళ్లండి. సమ్మె తప్పా ఒప్పా అని అక్కడ వాదించకండి, అది చేస్తే మీటింగు దానితోనే అయిపోతుంది. "సమ్మె జరిగితే పోయే రోజులు ఏ తేదీల్లో పూడుస్తారు? ఆ తేదీల్లో అన్నం వండుతారా?" అని రెండే ప్రశ్నలు అడిగి, జవాబు మినిట్స్ పుస్తకంలో రాయించండి. తేదీలు లేకుండా 'త్వరలో' అని రాస్తే సంతకం పెట్టకండి. హెడ్మాస్టర్ కాస్త ఇబ్బంది పడతాడు, "పై నుంచి ఆదేశాలు రావాలమ్మా" అంటాడు. నేనూ అలాగే అనేవాడిని. ఆదేశాలు అక్కర్లేదు, బడి క్యాలెండరులో రెండో శనివారాలు ఎక్కడున్నాయో ఆయన టేబుల్ అద్దం కిందే ఉంటుంది.

లెక్కల్లో ఎక్కడ ఆగారో మీ అమ్మాయిని అడిగి రాయండి. త్రికోణమితి దాకా అయితే ఫోన్లోనైనా చెబుతాను.